గేజీ మాట, సంచి మాట: ఆసుపత్రి చెత్తతో రెండు నెలల డైరీ

1వ రోజు

ఆసుపత్రి వెనక గోడను ఆనుకుని ఇటుకలతో కట్టిన పొయ్యి ఒకటి ఉంది. దాన్ని అందరూ గౌరవంగా ఇన్సినరేటర్ అంటారు. పొగగొట్టం నాకన్నా మూరెడు ఎత్తు, అంతే. రోజూ పదకొండింటికి వార్డుల సంచులన్నీ అందులో వేసి, కిరోసిన్ చల్లి అంటిస్తారు. గాలి తిరిగిందంటే పొగంతా పిల్లల వార్డు కిటికీల్లోకే. ఈ రోజు పొయ్యి చల్లారాక బూడిదను ఇనుప కడ్డీతో కదిపి చూశాను. సూదులు సూదుల్లాగే ఉన్నాయి, నల్లబడ్డాయంతే. మందుల గాజు సీసాలు ఆకారం కూడా చెడకుండా బయటపడ్డాయి. లోపల ఎంత వేడి పుడుతోందో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

నేను ఇక్కడ పరికరాల మరమ్మతులు చూసే టెక్నీషియన్ని. నిన్న సూపరింటెండెంటుగారు పిలిచి "ఆ పొగ ఆపగలవా?" అని అడిగారు. పొగ ఆపడం తేలికే, అగ్గిపుల్ల గీయకపోతే చాలు. చెత్త ఎక్కడికి పోవాలన్నదే అసలు ప్రశ్న.

సెలైన్ గొట్టాలు, రక్తం సంచులు చాలావరకు పీవీసీ అనే ప్లాస్టిక్. అందులో క్లోరిన్ ఉంటుంది. చాలీచాలని వేడిలో అది కాలితే డయాక్సిన్లు, ఫ్యూరాన్లు పుడతాయి. ఇలాంటి మొండి విషాలను అరికట్టేందుకు దేశాలు చేసుకున్న 2001 నాటి స్టాక్‌హోం ఒప్పందం ఈ విషాలను పుట్టించే ప్రధాన వనరుల్లో వైద్య వ్యర్థాల దహనాన్ని కూడా చేర్చింది. దహనం సరిగా జరగాలంటే రెండు గదుల కొలిమి కావాలి. రెండో గదిలో వేడి కనీసం 850 డిగ్రీలు, క్లోరిన్ వంటివి ఎక్కువగా ఉంటే 1100 డిగ్రీలు ఉండాలి. ఆపైన పొగను కడిగే ఏర్పాటు ఉండాలి. 40 పడకల ఆసుపత్రి అలాంటిదాన్ని కొననూ లేదు, కొన్నా నడపనూ లేదు. అందుకని కాల్చకుండా ఆవిరితో శుద్ధి చేయడమే దారి అని రాసుకున్నాను.

2వ రోజు

స్టోరు గదిలో విరిగిన మంచాల వెనక 200 లీటర్ల అడ్డపు ఆటోక్లేవ్ దొరికింది. పీడనంలో ఉన్న ఆవిరితో క్రిములను చంపే యంత్రం అది. ఆపరేషన్ థియేటరుకు కొత్తది వచ్చినప్పుడు దీన్ని ఇక్కడ పడేసి మరిచిపోయారు. తలుపు సందును మూసే రబ్బరు పట్టీ, అంటే గ్యాస్కెట్, ఎండి బీటలు వారింది. హీటర్లలో ఒకటి కాలిపోయింది. లోపలి స్టీలు గోడలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. పీడనంతో పనిచేసే యంత్రానికి గోడలు గట్టిగా ఉంటే సగం అదృష్టం ఉన్నట్టే.

3 నుంచి 9వ రోజు దాకా

తూకం. ఏడు రోజులూ అదే పని. వేలాడదీసే త్రాసు ఒకటి సంపాదించి, ప్రతి వార్డు నుంచి వచ్చే సంచిని తూచి, పుస్తకంలో రాశాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆసుపత్రి చెత్తలో దాదాపు 85 శాతం ఇంటి చెత్తలాంటిదే: కాగితాలు, అట్టపెట్టెలు, తిండి మిగుళ్లు. ప్రమాదకరమైనది మిగతా 15 శాతం. ఆదాయం తక్కువున్న దేశాల్లో పడకకు రోజుకు సగటున 0.2 కిలోల ప్రమాదకర వ్యర్థం వస్తుందని కూడా ఆ సంస్థే చెబుతోంది. ఆ లెక్కన మాకు రోజుకు 8 కిలోలు రావాలి. ప్రమాదకరం అని రాసి ఉన్న పసుపు సంచులను తూస్తే రోజుకు సగటున 29 కిలోలు తేలింది.

మా రోగులు ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ చెత్త పుట్టించే మనుషులేమీ కాదు. ఏ బుట్ట దగ్గరగా ఉంటే అందులో వేస్తున్నారు, అంతే. లోపల ఏముందో చూద్దామని నాలుగో రోజు ఒక సంచిని టార్పాలిన్ మీద కుమ్మరించబోయాను. పారిశుద్ధ్య కార్మికురాలు ఒకామె ఇరవై ఏళ్లుగా ఇక్కడే పనిచేస్తోంది. అందరూ ఆమెను అక్క అనే పిలుస్తారు, నేనూ అంతే. ఆమె వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు తమ్ముడూ. ఒకసారి సంచిలో పడ్డదాన్ని మళ్లీ చేత్తో ముట్టకూడదు."

"గ్లవ్స్ వేసుకున్నాను కదక్కా."

ఆమె ఏమీ మాట్లాడకుండా చీర అంచు కొంచెం పైకి లాగి పిక్క మీది మచ్చ చూపించింది. సంచిని కాలికి ఆనించి మోసుకుపోతుంటే లోపలి సూది ప్లాస్టిక్‌ను, చీరను దాటుకుని గుచ్చుకుంది. అది ఏ రోగికి వాడిన సూదో ఎవరికీ తెలియదు. ఆమె ఎవరికీ చెప్పలేదు కూడా. చెబితే "చూసుకుని మోయాలి కదా" అంటారని.

గ్లవ్సు సంగతి నాకూ తెలుసు. పలచటి రబ్బరు సూదిని ఆపదు. వ్యాధి ఉన్న రోగికి వాడిన సూది ఒక్కసారి గుచ్చుకుంటే, టీకా లేనివారికి హెపటైటిస్ బీ సోకే ముప్పు 30 శాతం దాకా ఉంటుంది. హెపటైటిస్ సీకి అది 1.8 శాతం, హెచ్ఐవీకి 0.3 శాతం. ఈ మూడింటిలో ఎక్కువ ముప్పున్న దానికే టీకా ఉంది. ఆరా తీస్తే డాక్టర్లకు, నర్సులకు ఆ టీకా ఎప్పుడో వేశారు. సంచులు మోసే ఆరుగురిలో ఒక్కరికీ వేయలేదు.

కాబట్టి ఈ ప్రాజెక్టులో మొదటి ఖర్చు యంత్రం మీద పెట్టలేదు. ఆరుగురికీ తొమ్మిదో రోజున మొదటి డోసు వేయించాం. నెల తరువాత రెండోది, ఆరో నెలలో మూడోది. మందపాటి గ్లవ్సు, బూట్లు, సంచులు మోయకుండా తోసుకుపోయే మూతల బండి కూడా జాబితాలో చేరాయి. సూది గుచ్చుకుంటే ఏం చేయాలో రాసి గోడకు అంటించాం: సబ్బునీళ్లతో కడగాలి, గాయాన్ని పిండకూడదు, వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పాలి. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది. "చెప్పినవారిని ఎవరూ తిట్టరు" అనే వాక్యాన్ని సూపరింటెండెంటుగారితోనే సంతకం చేయించి కింద పెట్టాను.

12వ రోజు

గ్యాస్కెట్ మార్చాను. హీటర్ మార్చాను. సేఫ్టీ వాల్వు విప్పి కడిగి, నీటితో పీడన పరీక్ష చేసి, వాల్వు సరైన చోట తెరుచుకుంటోందని తేల్చుకున్నాకే కరెంటు ఇచ్చాను. పీడనాన్ని, వేడిని చూపే కొత్త గేజీ బిగించాను.

13వ రోజు

మొదటి పరుగు. పరీక్షలన్నీ నకిలీ చెత్తతోనే చేయాలని నిర్ణయం: శుభ్రమైన గాజుగుడ్డ, తడిపిన దూది, గడువు తీరిన గ్లవ్సు, వాడని సిరంజిలు. నిజమైన చెత్తతో యంత్రాన్ని పరీక్షించడమంటే, యంత్రం తప్పితే ఆ తప్పును మన ఊపిరితో కొలవడమే.

నకిలీ చెత్తను సంచిలో కట్టి, ప్లాస్టిక్ బకెట్టులో పెట్టి, బకెట్టును లోపలికి తోశాను. చదరపు అంగుళానికి 15 పౌండ్ల పీడనం, 121 డిగ్రీలు, 30 నిమిషాలు. గేజీ ముల్లు చెప్పినచోట నిలబడింది. వేడి తగిలితే చారలు తేలే టేపు ఒకటి సంచికి అంటించాను, దాని మీద నల్ల చారలు వచ్చాయి. నాకు బాగా సంతోషం వేసింది. హెడ్ నర్సుగారిని పిలిచి మరీ చూపించాను.

సంచి నడుమ ఒక చిన్న ఆంప్యూల్ (మూసేసిన బుల్లి సీసా) కూడా పెట్టాను. అందులో జియోబాసిల్లస్ స్టీరోథెర్మోఫిలస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు, అంటే బీజాలు, ఉంటాయి. తడి వేడికి లొంగని మొండిఘటం అది. ఈ బీజాలు చచ్చాయంటే మామూలు రోగక్రిములు ఎప్పుడో చచ్చాయని అర్థం. ఆంప్యూల్‌ను నలగ్గొట్టి 56 డిగ్రీల ఇంక్యుబేటర్లో పెట్టాను. రంగు ఊదాగా ఉండిపోతే గెలిచినట్టు, పసుపుకు తిరిగితే లోపలివి బతికి ఉన్నట్టు.

14వ రోజు

పసుపు.

15వ రోజు

ఆంప్యూల్ చెడిపోయిందేమో అని మొదట అనుకున్నాను. తప్పు చేసినవాడు మొదట సాక్షినే అనుమానిస్తాడు. మళ్లీ చేశాను. ఈసారి ఆటోక్లేవ్‌లో పెట్టని ఆంప్యూల్ ఒకటి, పెట్టినది ఒకటి, పక్కపక్కనే ఇంక్యుబేటర్లో ఉంచాను. రెండూ పసుపే. పెట్టనిది పసుపు కావాల్సిందే, కాకపోతే పరీక్షే తప్పు. పెట్టినదీ పసుపైందంటే తప్పు నాది.

17వ రోజు

ల్యాబ్ నుంచి నాణెమంత ఉష్ణోగ్రత లాగర్ అరువు తెచ్చాను. స్టీలు తొడుగులో ఉంటుంది, ప్రతి నిమిషానికీ వేడిని నమోదు చేసుకుంటుంది. సంచి నట్టనడుమ పెట్టి పాత పద్ధతిలోనే నడిపాను. గేజీ 121 దగ్గర నిలబడ్డ ఆ అరగంటలో సంచి నడుమ అత్యధిక వేడి 94 డిగ్రీలు.

అంటే గేజీ అబద్ధం చెప్పలేదు. తన గొట్టం ఉన్నచోట ఏముందో అదే చెప్పింది. సంచి సంగతి దాన్ని నేను అడగనూ లేదు, దానికి తెలియనూ తెలియదు. టేపు కూడా అంతే. ఇక్కడికి వేడి వచ్చిందని మాత్రమే చెబుతుంది. ఎంతసేపు, ఎంత లోతుకు అన్నది దాని పని కాదు. నేను చారలు చూసి మురిసిపోయి, హెడ్ నర్సుగారికి చూపించినది సంచి పైతొడుగును.

దోషి గాలి. ఆవిరి కన్నా గాలి బరువు. మా ఆటోక్లేవ్‌లో ఆవిరి పైనుంచి నిండుతూ గాలిని కిందికి నెట్టి, అడుగున ఉన్న రంధ్రం గుండా పంపుతుంది. గది ఖాళీగా ఉంటే ఈ ఏర్పాటు చక్కగా పనిచేస్తుంది. కానీ నేను పెట్టింది అడుగు మూసుకున్న బకెట్టు, అందులో మూతి కట్టిన సంచి. గాలి కిందికే పోగలదు, కింద బకెట్టు అడుగు. బావిలో నీళ్లలా గాలి అందులోనే కూర్చుంది. గాలి పొర ఉన్నచోట ఆవిరి చేరదు, చేరనిచోట ఘనీభవించదు, ఘనీభవించకపోతే తన వేడిని ఇవ్వదు. పీడనం 15 పౌండ్లే ఉన్నా, లోపలి గాలి సగమే బయటికి పోతే వేడి సుమారు 112 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. పీడనానికి గాలైనా ఆవిరైనా ఒకటే, క్రిములకు కాదు.

19వ రోజు

బకెట్టు తీసేసి, నిండా చిల్లులున్న స్టీలు బుట్ట చేయించాను. సంచి మూతి కట్టకుండా వదులుగా తెరిచి ఉంచాను. లోపల గ్లాసెడు నీళ్లు పోశాను, అవి ఆవిరై గాలిని నెట్టడానికి సాయపడతాయని. సంచిని మూడొంతుల్లో రెండొంతులే నింపాను. సంచి నడుమ 113 డిగ్రీలు. మెరుగే, కానీ చాలదు.

22వ రోజు

ఖరీదైన ఆటోక్లేవ్‌లలో ముందుగా పంపుతో గాలిని లాగేస్తారు. మాకు ఆ పంపు లేదు. దానికి బదులు పీడనాన్ని పెంచడం, వదలడం. ఆవిరిని 15 పౌండ్ల దాకా ఎక్కించి, వాల్వు తెరిచి దాదాపు సున్నాకు దింపి, మళ్లీ ఎక్కించాలి. బయటి వాతావరణపు ఒత్తిడినీ కలుపుకుంటే 15 పౌండ్లంటే రెండింతలు. కాబట్టి ప్రతి దింపుకూ లోపలి మిశ్రమంలో దాదాపు సగం బయటికి పోతుంది. కాగితం మీద నాలుగు దింపులకు గాలి పదహారో వంతే మిగలాలి. సంచి మడతల్లో లెక్క అంత చక్కగా నడవదు గానీ, దిశ మాత్రం అదే.

నాలుగు దింపుల తరువాత లాగర్ చూపిన గీతను కాగితం మీద అచ్చుతీసి గోడకు అంటించాను. సంచి నడుమ 121కి చేరింది. అయితే గేజీ చేరిన 19 నిమిషాల తరువాత. నేను 30 నిమిషాలు అని పెట్టుకున్న సమయంలో నికరంగా సంచికి దక్కేది 11 నిమిషాలే అన్నమాట. అందుకని 121 దగ్గర 60 నిమిషాలు అని మార్చాను.

23 నుంచి 31వ రోజు దాకా

ఒక చిక్కు. ఇప్పటిదాకా నకిలీ చెత్త కాబట్టి వాల్వు తెరిస్తే వచ్చే గాలితో భయం లేదు. అసలు చెత్త పెడితే మొదటి దింపుల్లో బయటికొచ్చే గాలి ఇంకా శుద్ధి కాని గాలి. దాన్ని గదిలోకి వదిలితే చెత్తలోని క్రిములను మేమే తుంపరలుగా చల్లినట్టు. ఆవిరిని తట్టుకునే 0.2 మైక్రాన్ల వడపోత కావాలి. అది రావడానికి ఎనిమిది రోజులు పట్టింది.

ఈలోగా చెత్త ఆగదు కదా. వేడి వాతావరణంలో రోగాలు సోకించే వ్యర్థాలను 24 గంటలకు మించి నిల్వ ఉంచకూడదు. యంత్రం దాదాపు సిద్ధంగా ఉన్నా ఈ ఎనిమిది రోజులూ వెనకాల ఇటుక పొయ్యి వెలుగుతూనే ఉంది. రాయడానికి ఇష్టం లేకపోయినా జరిగింది అదే.

34వ రోజు

వడపోత బిగించాను. దాని వెనక గొట్టాన్ని చన్నీళ్ల డ్రమ్ములోంచి మురుగుకు కలిపాను. వరుసగా మూడు పరుగులు: ఒకటి సగం నింపి, ఒకటి నిండుగా, ఒకటి తడి దూది ఎక్కువగా పెట్టి. తడిసిన దూది ముద్ద వేడెక్కడానికి అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకుంటుంది, కాబట్టి అసలు పరీక్ష అదే. ఒక్కో సంచి నడుమ, అడుగున, వాల్వు దగ్గర ఆంప్యూళ్లు. 48 గంటల తరువాత తొమ్మిదీ ఊదా. ఆటోక్లేవ్‌లో పెట్టనిది మాత్రం పసుపు.

36వ రోజు నుంచి అసలు చెత్త.

39వ రోజు

తలుపు తెరవగానే కళ్లు మండాయి. ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తాను. కాన్పు గదిలో ఒకరు మంచి ఉద్దేశంతోనే సిరంజిలను బ్లీచింగు ద్రావణంలో నానబెట్టి, ఆ తడితోనే సంచిలో వేసి పంపారు. క్లోరిన్ ద్రావణాన్ని ఆవిరిలో వేడి చేస్తే ఏం జరుగుతుందో నా ఊపిరితిత్తులకు తెలిసింది. స్టీలు గోడ మీద సన్నటి చుక్కల్లా తుప్పు గుంటలు కూడా కనిపించాయి.

రెండుసార్లు శుద్ధి చేస్తే రెండింతలు మంచిదని అందరూ అనుకుంటారు. రసాయనమైతే రసాయనం, ఆవిరైతే ఆవిరి. తలుపు మీద పెద్ద అక్షరాలతో లోపలికి రాకూడనివాటి జాబితా రాశాను: క్లోరిన్ తగిలినవి, ఫార్మలిన్, స్పిరిట్, క్యాన్సర్ మందులు, పాదరసం.

41వ రోజు

కరెంటు పోయింది. 60లో 47 నిమిషాలు అయ్యాయి. మళ్లీ సున్నా నుంచే. మిగతా 13 నిమిషాలు కలిపితే చాలదా అని నా సహాయకుడు అడిగాడు. చాలదు. మధ్యలో చల్లబడ్డ సంచికి మళ్లీ 19 నిమిషాల ప్రయాణం ఉంది.

43 నుంచి 50వ రోజు దాకా: వార్డులు

యంత్రం పరుగుకు 10 కిలోలు శుద్ధి చేయగలదు. రోజుకు 29 కిలోలంటే మూడు పరుగులు, దాదాపు ఏడు గంటల కరెంటు. చెత్తను తగ్గించకపోతే యంత్రం నడవదు. యంత్రాన్ని వదిలి బుట్టల వెంట పడ్డాను.

బుట్టల మీద రంగులున్నాయి, రాతలున్నాయి, బొమ్మలున్నాయి. గేజీలాగే బుట్ట కూడా తన సంగతే చెబుతోంది, లోపలి సంగతి కాదు. ముందుగా బుట్టల కొత్త పోస్టర్లు అచ్చు వేయిద్దామన్నారు. హెడ్ నర్సుగారు నవ్వి, "పోస్టరు చూసి సూది వేసేవాళ్లుంటే పాత పోస్టరే సరిపోయేది. నాతో ఒక రాత్రి డ్యూటీ చెయ్యి" అన్నారు.

చేశాను. రాత్రి రెండింటికి ఇద్దరు నర్సులు, 22 మంది రోగులు. ఇంజెక్షన్ ఇచ్చిన నర్సు చేతిలో వాడిన సిరంజి. సూదులు వేసే పెట్టె గది అవతలి గోడకు, ఎనిమిది అడుగుల దూరంలో. పక్క మంచం రోగి పిలుస్తున్నాడు. ఆమె సూదికి మూత పెట్టి ట్రేలో పడేసింది. ఆ మూత పెట్టే క్షణంలోనే ఎక్కువమంది వేళ్లు గుచ్చుకునేది. ఆమెకూ ఆ సంగతి తెలుసు. ట్రే పసుపు సంచిలోకి, సంచి మర్నాడు అక్క పిక్క దగ్గరికి.

పెట్టె గోడకు కాక ఇంజెక్షన్ ట్రాలీకి ఉండాలి. అంతే పరిష్కారం. ప్రతి ట్రాలీకీ ఒక సూదుల పెట్టె, ఒక నీడిల్ కట్టర్ బిగించాం. ఇంజెక్షన్ ఇచ్చాక సూది మొదలు దగ్గర కట్టర్లో పెట్టి నొక్కితే సూది పెట్టెలో పడుతుంది, సిరంజి చేతిలో మిగులుతుంది. మూత పెట్టాల్సిన పని లేదు. పెట్టె ముప్పావు నిండగానే మూసేయాలి. నిండా కుక్కబోయి వేళ్లు పొడుచుకున్నవారి కథలు ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటాయి.

స్టోరులో సూదుల అట్టపెట్టెలకు కొదవ లేదు. కోవిడ్ టీకాల కాలంలో కుప్పలుగా వచ్చాయి. మొదటి 800 కోట్ల టీకా డోసులకు వాడిన సూదులు, సిరంజిలు, ఈ పెట్టెలు కలిపి 1,44,000 టన్నుల వ్యర్థం అయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో లెక్క కట్టింది. పెట్టెలు పంపినంత శ్రద్ధగా, నిండిన పెట్టె ఎక్కడికి పోవాలో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

రెండో మార్పు ఇంకా చిన్నది. ప్రతి పసుపు బుట్ట పక్కనే మామూలు చెత్త బుట్ట పెట్టాం. ఇంతకుముందు మామూలు బుట్ట వరండాలో ఉండేది. కాగితం వేయడానికి అంత దూరం ఎవరు పోతారు? సెలైన్ సీసా అట్టపెట్టె, చేతులు తుడుచుకున్న కాగితం, రోగి బంధువుల తిండి పొట్లాలు, అన్నీ పసుపులోకే. పక్కపక్కన పెట్టిన వారానికి పసుపు సంచులు రోజుకు 12 కిలోలకు దిగాయి.

ఈ మాట అనకుండా ఉండలేను: నర్సులు మూడు రోజుల్లో అలవాటుపడ్డారు. రౌండ్లలో నడుస్తూ నడుస్తూ గ్లవ్సు విప్పి కిటికీ గట్టు మీద వదిలే పెద్దలకు ఇంకా సమయం పట్టేలా ఉంది.

52వ రోజు

శుద్ధి అయిన సిరంజిలు, గొట్టాలు ఏం చేయాలి? క్రిములు చచ్చాయి కానీ సిరంజి చూడటానికి సిరంజిలాగే ఉంది. ఎవరైనా ఏరుకుని కడిగి మళ్లీ అమ్మే ప్రమాదం ఉంది. అందుకని చేత్తో తిప్పే కత్తెర యంత్రంలో ముక్కలు చేస్తున్నాం. నేపాల్‌లో, కాఠ్‌మాండులోని బీర్ ఆసుపత్రి ఆటోక్లేవ్ చేసిన వ్యర్థాలను కాల్చకుండా పునర్వినియోగానికి అమ్మే పద్ధతిలో పేరు తెచ్చుకుంది. మాకు ఇంకా కొనేవారు దొరకలేదు. ముక్కలు గోనెసంచుల్లో చేరుతున్నాయి.

54 నుంచి 58వ రోజు దాకా: సూదుల గొయ్యి

కట్టర్లో తెగిన సూదులకు కాంక్రీటు గొయ్యి. పైన బిగించిన పలక, అందులోకి ఇనుప గొట్టం, గొట్టానికి తాళం. పైనుంచి సూదులు పోతాయి, చెయ్యి పోదు. నిండాక సిమెంటు పోసి శాశ్వతంగా మూసేయాలి.

చోటు వెతకడమే కష్టమైంది. తాగునీటి వనరులకు కనీసం 50 మీటర్ల దూరం ఉండాలి, గొయ్యి అడుగు భూగర్భ జలమట్టానికి 2 మీటర్ల పైన ఉండాలి అని పెట్టుకున్నాం. పరీక్షకు తవ్విన మొదటి గుంతలో రెండున్నర మీటర్లకే ఊట కనిపించింది. ఇంకోచోట తవ్వినా అదే. చివరికి గోతిని లోతుగా కాక సగం నేల పైకి వచ్చేలా కట్టాం. చూడటానికి అందంగా లేదు. వానకాలంలో మాత్రం మునగదు.

61వ రోజు

తాళం వేసిన అల్మరాలో మిగిలిపోయినవి: పాదరసం థర్మామీటర్లు 31, గడువు తీరిన మందులు రెండు పెట్టెలు, క్యాన్సర్ మందుల ఖాళీ సీసాలు కొన్ని. పాదరసం వాడకాన్ని తగ్గించేందుకు దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం పాదరసం థర్మామీటర్ల తయారీకి 2020ని గడువుగా పెట్టింది. తయారీ ఆపడం ఒక ఎత్తు, చేతిలో ఉన్నవి ఏం చేయాలన్నది ఇంకో ఎత్తు. వీటిని ఆవిరి ఏమీ చేయలేదు. కాల్చితే ఇంకా చేటు. పూడిస్తే నీళ్లలోకి. పగలకుండా మూత గట్టిగా ఉన్న డబ్బాల్లో పెట్టి, మీద పేరు, తేదీ రాసి ఉంచాను. ప్రమాదకర రసాయనాలను తీసుకునే కేంద్రానికి ఉత్తరం పోయింది. జవాబు రాలేదు.

63వ రోజు

అక్కకు, మిగతా ఐదుగురికి టీకా రెండో డోసు మూడు వారాల కిందటే పడింది. ఈ రోజు ఆమె ఒక వేలికి కట్టుతో వచ్చి, నేను అడగకముందే డ్యూటీ డాక్టరు రాసిన చీటీ చూపించింది. సూది కాదు, పగిలిన గాజు సీసా. గాజుకు గట్టి డబ్బా పెట్టాలన్న సంగతి నా జాబితాలో లేనే లేదు. ఇప్పుడు చేరింది.

64వ రోజు

ఇటుక పొయ్యిని కూల్చారు. ఇటుకలు సూదుల గొయ్యి చుట్టూ గట్టుకు పనికొచ్చాయి. బూడిదను కదపకుండా, తడిపి, మూసిన డ్రమ్ముల్లోకి ఎత్తాం. అందులో సూదులు ఉన్నాయి, డయాక్సిన్లూ ఉండే ఉంటాయి. డ్రమ్ములు ఆ అల్మరా గదిలోనే, అదే ఉత్తరానికి జవాబు కోసం.

66వ రోజు

వారంవారం చేసే స్పోర్ల పరీక్ష. తలుపు కింది అంచు నుంచి సన్నగా ఆవిరి కారుతోంది. గేజీ మాత్రం 121 దగ్గర కదలకుండా నిలబడి ఉంది. ఆ సంచులను శుద్ధి కానివిగా లెక్కకట్టి పక్కన పెట్టించాను. గ్యాస్కెట్ విప్పితే ఒక చోట దూది పోగు ఇరుక్కుని ఉంది. తుడిచి, మళ్లీ బిగించి, అవే సంచులతో మొదటి నుంచి నడిపాను. మూడు ఆంప్యూళ్లు, పెట్టనిది ఒకటి, సాయంత్రం ఆరింటికి ఇంక్యుబేటర్లోకి వెళ్లాయి. ఎల్లుండి ఆరింటికి చూడాలి.